‘అవును’ అని నొక్కింది నేనే

సైన్యంలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశానని తెలిస్తే మా ఎల్లారెడ్డి కుర్రవాళ్లు ముందుగా అడిగేది సరిహద్దు గురించే. కాల్పులు చూశావా, మంచులో ఉన్నావా అని. చూశాను, ఉన్నాను. వాటిని తలచుకుంటే నాకేమీ కాదు. ఒక కంప్యూటర్ తెర మీది చిన్న గడిని తలచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మీలో చాలామంది రేపు ఏదో ఒక ఆఫీసులో అలాంటి తెర ముందు కూర్చునేవాళ్లే. అందుకని చెప్తున్నాను. నెమ్మదిగా చెప్పడం నా వల్ల కాదు. ఈ సంగతి ఎత్తితే గొంతు దానంతటదే పెరుగుతుంది, సర్దుకోండి.

నేను పనిచేసింది బండ్లు బాగుచేసే యూనిట్‌లో. మెకానిక్‌గా చేరి మెట్టు మెట్టుగా నాయబ్ సుబేదార్‌నయ్యాను. అంటే సిపాయిలకూ అధికారులకూ నడుమ ఉండేవాణ్ని. పైవాళ్ల కోపం, కిందివాళ్ల గోడు రెండూ ముందుగా వచ్చి తగిలేది ఆ నడుమనున్నవాడికే.

మొదట్లో తనిఖీ అంటే మనుషులు వచ్చేవాళ్లు. బండి కిందికి దూరేవాళ్లు, పెట్టెలు తెరిపించేవాళ్లు, తిట్టేవాళ్లు. వాళ్లు వచ్చే ముందు మేం గోడలకు సున్నం కొట్టి, చెత్తంతా వెనక గదిలో దాచేవాళ్లం. అదీ ఒక నాటకమే, కాదనను. కానీ చూసేవాడికి కళ్లుండేవి. నా ఉద్యోగం చివరి ఏళ్లలో దాని స్థానంలో ఒక సాఫ్ట్‌వేర్ వచ్చింది. ప్రతి యూనిట్ తన తప్పొప్పులు తానే చూసుకుని, తానే జవాబులు నింపాలి. నిప్పార్పే సిలిండర్లు నింపించారా? డ్రైవర్లకు కంటి పరీక్ష జరిగిందా? బరువులెత్తే పరికరాలకు ఏడాది పరీక్ష అయిందా? ఇలా నూటికి పైగా ప్రశ్నలు. అవునంటే గడి పచ్చగా మారుతుంది, కాదంటే ఎర్రగా.

నిజం చెప్పాలంటే మొదట నాకది నచ్చింది. ఎవడో వచ్చి మన దొంగతనం పట్టుకోవడం కంటే మన లోపం మనమే ఒప్పుకోవడం మర్యాద అనుకున్నాను. ఆ బాధ్యత నాకే ఇచ్చారు. నా పేరు మీద ఒక లాగిన్, ఒక పాస్‌వర్డ్.

నెల తిరగకముందే దాని గుట్టు అర్థమైంది. ‘అవును’ నొక్కితే పని అయిపోతుంది. ‘కాదు’ నొక్కితే కింద ఐదు గడులు తెరుచుకుంటాయి. ఎందుకు కాదు, ఎవరు బాధ్యులు, ఎప్పటికి సరిచేస్తారు, అప్పటిదాకా ఏం జాగ్రత్త తీసుకున్నారు, ఎవరికి తెలియజేశారు. అవన్నీ నింపినా వదలదు. ప్రతి సోమవారం పై ఆఫీసు నుంచి ఫోన్, ఇంకా ఎర్రగానే ఉందేమిటని. పచ్చ గడి గురించి మాత్రం ఒక్కడంటే ఒక్కడు ఫోన్ చేసి అడగడు. దీన్ని తయారుచేసినవాడెవడో గానీ, నిజం చెప్పినవాడికి శిక్ష పడేటట్టు, అబద్ధం చెప్పినవాడు ఇంటికెళ్లి హాయిగా పడుకునేటట్టు భలే కుదిర్చాడు.

జవాబుకు సాక్ష్యంగా ఫొటో కూడా పెట్టాలి. మా పక్క యూనిట్ వాళ్లు నిప్పార్పే సిలిండర్ల ఫొటో పెట్టేవాళ్లు. దాని మూలన ఒక గోధుమరంగు కుక్క పడుకుని ఉండేది. వరుసగా మూడు నెలలు అదే కుక్క, అదే తీరున కాళ్లు చాపి నిద్రపోయింది. పైనెవరూ అడగలేదు. మేం నవ్వుకున్నాం. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మా యూనిట్‌లో మాచారెడ్డి మండలానికి చెందిన హవల్దార్ ఒకతను ఉండేవాడు. నాకంటే పదేళ్లు చిన్న. ఇంజన్ పనిలో అతనికి సాటి లేరు. పొడుగాటి పానా ఒక కొస ఇంజన్‌కు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, లోపల ఏ భాగం అరిగిందో చెప్పేవాడు. పదిమంది ముందు నన్ను ‘సాబ్’ అనేవాడు, ఇద్దరమే ఉంటే ‘అన్నా’ అనేవాడు. ఊరికి అంత దూరాన మక్క గారెల రుచి గురించి మాట్లాడుకోవడానికి నాకున్నది అతనొక్కడే.

ఒకరోజు పొద్దున నన్ను షెడ్డులోకి తీసుకెళ్లాడు. బండిలోంచి ఇంజన్‌ను పైకెత్తే గొలుసు యంత్రం ఒకటి ఉండేది, చైన్ కుప్పి అనేవాళ్లం. దాని కొక్కెం చూపించాడు.

“అన్నా, గిది సూడు. కొక్కెం నోరు ఎంత తెర్సుకున్నదో. అడ్డం ఉండే నాలిక గూడ ఊడిపోయింది. గిట్లనే ఇంజన్ కడితె ఎప్పుడో ఒకప్పుడు ఎవని మీదనో పడుతది.”

కొలిచి చూశాను. ఉండాల్సిన దానికంటే బాగా తెరుచుకుంది. ఏడాదికోసారి చేయాల్సిన బరువు పరీక్ష గడువు కూడా దాటిపోయింది. అప్పటికప్పుడు గొలుసుకు ఎర్ర గుడ్డ కట్టించి, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పాను. ఆఫీసుకు వెళ్లి ఆ ప్రశ్న ఎదుట ‘కాదు’ నొక్కాను. ఐదు గడులూ నింపాను. ఆరోజు నన్ను నేనే మెచ్చుకున్నాను.

కొత్త కుప్పి కావాలని రాస్తే మంజూరైంది. వచ్చింది మాత్రం ఫోన్లే. ఒక సోమవారం, రెండో సోమవారం, మూడో సోమవారం. నాలుగో వారంలో మా మేజర్ సాబ్ పిలిచారు. ఆయన చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం నాకు సులువయ్యేది. సిపాయిలతో కలిసి వాలీబాల్ ఆడేవాడు, మా పిల్లల పేర్లు గుర్తుపెట్టుకుని అడిగేవాడు. ఆయన హిందీలో అన్నదాన్ని తెలుగులో చెప్తున్నాను. నాయబ్ సుబేదార్‌ను అధికారులు కూడా ‘సాబ్’ అనే పిలుస్తారు.

“సాబ్, మొత్తం యూనిట్‌లో ఒక్కటే ఎర్ర గడి ఉంది. అది మీది.”

“సర్, ఆ కొక్కెం బాగాలేదు.”

“కొత్తది మంజూరైంది కదా. వారంలో వస్తుంది. వచ్చినట్టే అనుకోండి. ఎల్లుండి పెద్ద అధికారుల ముందు అన్ని యూనిట్ల లెక్కా తెర మీద వేస్తారు.”

“ప్రశ్న పరీక్ష జరిగిందా అని, సర్. జరగలేదు.”

ఆయన నవ్వాడు. “నేను మిమ్మల్ని అబద్ధం చెప్పమనడం లేదు. కాస్త ముందుగా చెప్పమంటున్నాను.”

ఆ మాట అచ్చంగా ఇలాగే అన్నాడు. ఇన్నేళ్లయినా ఒక్క అక్షరం చెరగలేదు. మీకూ ఎప్పుడో ఎవరో ఇంత మెత్తగానే చెప్తారు. గద్దించి చెప్తే మనిషి ఎదురు తిరుగుతాడు. మెత్తగా చెప్తే మనకే మన మొండితనం మీద అనుమానం వస్తుంది. పైగా అప్పుడు సుబేదార్ పదోన్నతి జాబితా తయారవుతోంది. ఆయన ఆ ఊసు ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం లేదు, నా బుర్రలో అదే తిరుగుతోంది.

వెళ్లి కూర్చున్నాను. ‘కాదు’ను ‘అవును’గా మార్చాను. మీరు నిజంగానే మార్చదలచుకున్నారా అని కంప్యూటర్ అడిగింది. ఆ రోజు నన్ను ఆ ప్రశ్న అడిగింది అదొక్కటే. మళ్లీ నొక్కాను. గడి పచ్చగా మారింది.

ఎర్ర గుడ్డ గొలుసుకే ఉంది కదా, ఎవరూ ముట్టుకోరులే అని నాకు నేను చెప్పుకున్నాను. అది నా రెండో తప్పు. ఆ సాఫ్ట్‌వేర్‌లో పరికరం పచ్చగా ఉంటే దాన్ని పనికి వాడుకోవచ్చని అర్థం. మూడోరోజు పొద్దున మేజర్ సాబ్, నేను పెద్దాఫీసు సమావేశంలో ఉన్నాం. చల్లని హాలు, గోడ నిండా తెర. మా యూనిట్ పేరు ఎదుట మొత్తం పచ్చదనం. ఒక పెద్ద అధికారి “శభాష్” అన్నాడు. నేను ల్యాప్‌టాప్ పట్టుకుని నిలబడి ఉన్నాను. జేబులో ఫోన్ అదురుతూనే ఉంది. తీసేసరికి పదకొండు దాటింది.

అక్కడ షెడ్డులో ఒక బండికి ఇంజన్ మార్చాల్సిన తొందర వచ్చింది. ఆ పూట పని చూస్తున్నవాడు తెర చూశాడు, పచ్చగా ఉంది. గుడ్డ విప్పించాడు. ఇంజన్ కట్టి పైకెత్తి, బండిలోకి దించుతుండగా దానికి కట్టిన తాడు కొక్కెం నోట్లోంచి జారింది. అడుగున బోల్టు రంధ్రం సరిచూస్తున్న హవల్దార్ కుడిచెయ్యి ఇంజన్‌కూ బండి ఇనుప దూలానికీ నడుమ పడింది. బొటనవేలు, దాని పక్కవేలు దక్కాయి. తక్కిన మూడూ పోయాయి. అరచెయ్యి ఇక ముడుచుకోలేదు.

విచారణ జరిగింది. నన్ను పిలిచి అడిగారు, ఆ పరికరానికి పరీక్ష అయిందా అని. “రికార్డు ప్రకారం అయింది సర్” అన్నాను. ఆ వాక్యంలో తప్పు మాట ఒక్కటీ లేదు. వాక్యమే అబద్ధం. ఆ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి జవాబు పక్కనా చిన్న గడియారం గుర్తు ఉండేది. దాన్ని నొక్కితే ఎవరు, ఏ రోజున, ఏ జవాబును ఏమని మార్చారో కనిపించేది. విచారణలో ఎవరూ దాన్ని నొక్కలేదు. నొక్కమని నేనూ చెప్పలేదు. తేల్చిందేమిటంటే, పరికరం బాగానే ఉంది, మనిషే నిర్లక్ష్యం చేశాడు. అతన్ని కొన్ని నెలలు సైనిక ఆసుపత్రిలో ఉంచి, సేవకు పనికిరాడని ఇంటికి పంపేశారు.

ఆ తరువాత నేను సెలవు మీద ఎల్లారెడ్డి వచ్చాను. వారం రోజులు ఇంట్లోనే తిరిగాను. ఎనిమిదో రోజు బస్సెక్కి, లింగంపేట, తాడ్వాయి మీదుగా కామారెడ్డి చేరాను. చేతికి వైద్యం కోసం హవల్దార్ వాళ్లు ఊరు విడిచి కామారెడ్డిలో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుని ఉంటున్నారు. హవల్దార్ గడపలో కూర్చుని ఎడమచేత్తో పెన్ను పట్టి అక్షరాలు దిద్దుతున్నాడు. నన్ను చూసి లేచాడు. “రా అన్నా, కూసో” అన్నాడు. అతని భార్య చాయ్ తెచ్చింది. నేను సగం తాగాక ఆమె ఎదురుగా కింద కూర్చుంది.

“అన్నా, ఒక్క మాట అడుగుత. మీ కంప్యూటర్ల ఆ గొలుసు మంచిగున్నది అని రాసి ఉన్నదంట గదా. రాసినోడు ఎవడు?”

నేను హవల్దార్ వైపు చూశాను. అతను నేల చూస్తున్నాడు. అంటే అతనికి తెలుసు. ఇన్ని నెలలూ ఇంట్లో చెప్పలేదు.

“ఈయన్ని అడిగితె నాకు ఎర్క లేదంటడు. మీరు పెద్దోళ్లు, మీకన్న తెలుస్తది గదా. వాణ్ని నాకు ఒక్కసారి చూపియ్యుండ్రి. నేనేం చెయ్య. ఈ చెయ్యి సూడు అంట, గంతే.”

గ్లాసు కింద పెట్టాను. “నేనే చెల్లె. రాసింది నేనే.”

ఆమె లేచి లోపలికి వెళ్లి, ఒక ప్లాస్టిక్ సంచిలోంచి కాగితం తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది. “సదువు. మాకు వినవడేటట్టు సదువు” అంది. అప్పటిదాకా నన్ను ‘మీరు’ అన్న మనిషి.

చదివాను. ఇంగ్లిషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పాను. ‘పరికరాన్ని పని ముందు సరిచూసుకోకుండా వాడినందున, గాయానికి ఇతని సొంత నిర్లక్ష్యమే కారణం.’

“మల్ల సదువు” అంది.

మళ్లీ చదివాను.

హవల్దార్ తలెత్తాడు. “ఇగ సాలు” అని భార్యతో అన్నాడు. తరువాత నాతో, “అన్నా, ఆనాడు గుడ్డ ఇప్పుమంటె నేను ఇప్పనన్న. సాబ్ కట్టిపిచ్చిండు, ముట్టద్దన్నడు అన్న. అయితె ఆ తెర చూపెట్టిండ్రు. నీ పేరు మీద పచ్చగున్నది. మా అన్న పచ్చ చేసిండంటె పరీక్ష చేపిచ్చే ఉంటడు, కొక్కెం గూడ మార్పిచ్చి ఉంటడు అనుకున్న. గందుకే చెయ్యి వెట్టిన.”

ఇది నేను ఊహించలేదు. ఆ లోపాన్ని మొదట చూసింది అతనే. తన కళ్లతో చూసినదాన్ని పక్కన పెట్టి నా ‘అవును’ను నమ్మాడు.

“విచారణల ఎందుకు చెప్పలేదు తమ్మీ?”

“మొదలు నా బయాన్ రాసుకున్నప్పుడు పరీక్ష అయ్యిందనే అనుకుంటున్న. కాలేదని దవాఖానకు నన్ను సూడవచ్చిన మన యూనిటోడు ఒకడు తర్వాత చెప్పిండు. అప్పటికే కాయితాలన్ని కట్టేసిండ్రు. నీ నోటితోని నువ్వే చెప్తవని సూసిన.”

సెలవు ఇంకా పద్దెనిమిది రోజులు ఉండగానే తిరుగు రైలెక్కాను. యూనిట్‌కు చేరగానే ఆ గడియారం గుర్తు నొక్కి, వచ్చిన పేజీని అచ్చు తీశాను. ఫలానా రోజున ‘కాదు’, ఫలానా రోజున ‘అవును’, రెండుచోట్లా నా లాగినే. దానికి నాలుగు పేజీల వాంగ్మూలం రాసి, సంతకం చేసి, మా యూనిట్ అధిపతి అయిన కల్నల్ సాబ్ బల్ల మీద పెట్టాను.

ఆయన మొత్తం చదివి, “ఇప్పుడెందుకు?” అన్నాడు.

“విచారణలో తేల్చిన మాటను అతని భార్య ముందు పైకి చదవాల్సి వచ్చింది సర్.”

మళ్లీ విచారణ పెట్టారు. మేజర్ సాబ్ వచ్చి, పరికరం త్వరగా సరిచేయించమని మాత్రమే అన్నాను, జవాబు మార్చమని ఎక్కడా చెప్పలేదు అన్నాడు. ఎక్కడా రాసి లేదు కాబట్టి ఎక్కడా చెప్పనట్టే. బయటికొచ్చాక నా భుజం మీద చెయ్యి వేసి, “మీ మీద నాకు కోపం లేదు సాబ్” అన్నాడు. ఆయనకు నా మీద కోపం లేదట! ఆ చెయ్యి తీసి పక్కకు నెట్టాను. నా ఉద్యోగంలో అధికారి చెయ్యిని తోసింది అదొక్కసారే. ఇప్పటికీ దానికి చింత లేదు.

హవల్దార్ కాగితాల్లోంచి నిర్లక్ష్యం అన్న మాట కొట్టేసి, పరికర లోపం అని రాశారు. దానికి ఏడాది పట్టింది. నాకు తీవ్ర మందలింపు పడింది, సుబేదార్ జాబితాలోంచి పేరు తీసేశారు. అది న్యాయమే, దాని గురించి ఎవరితోనూ వాదించను. మేజర్ సాబ్‌ను పిలిచి జాగ్రత్తగా ఉండమన్నారట. తరువాత మంచిచోటికి బదిలీ అయ్యాడు. ఇంకొకటి వినండి. ఆ ఏడాది అందరికంటే ఎక్కువ పచ్చ గడులున్న యూనిట్‌కు ఇచ్చే షీల్డు మా యూనిట్‌కే వచ్చింది. ప్రమాదం జరిగిన రోజున తెర మీద వేసిన లెక్క ప్రకారమే ఇచ్చారు. అద్దాల బీరువాలో పెట్టారు. నేను పదవీ విరమణ చేసిన రోజున ఆ బీరువా ముందే నన్ను నిలబెట్టి ఫొటో తీశారు. ఆ ఫొటో ఇంటికి తెచ్చుకోలేదు.

ఇప్పుడు హవల్దార్‌కు కామారెడ్డిలో, మాచారెడ్డి వైపు వెళ్లే రోడ్డు మీద ట్రాక్టర్లు బాగుచేసే షాపు ఉంది. పానా పట్టే పని ఇద్దరు మెకానిక్‌లు చేస్తారు. ఇంజన్ చప్పుడు వినేది మాత్రం అతనే. సామాను కౌంటర్ భార్య చూసుకుంటుంది. నేను పని మీద కామారెడ్డి వెళ్లినప్పుడల్లా ఆగుతాను. ఆమె చాయ్ ఇస్తుంది. నాతో మాట్లాడటం మాత్రం ఇప్పటికీ తక్కువే. అది ఆమె హక్కు.

ఈమధ్య మా పాత యూనిట్ నుంచి ఒకతను ఫోన్ చేశాడు. ఒకప్పుడు నా కింద పనిచేసిన మనిషి, ఇప్పుడు ఆ గడులు నింపే పని అతనిది. “సాబ్, మీ కేసు తర్వాత సాఫ్ట్‌వేర్ మార్చారు” అన్నాడు. పోనీ, ఇప్పటికైనా బుద్ధి వచ్చిందనుకున్నాను. మార్చిందేమిటో తెలుసా? ఇప్పుడు ‘కాదు’ నొక్కితే అది నిలవదట. పై అధికారి ఒప్పుకుంటేనే నమోదవుతుందట. ‘అవును’కు ఎవరి ఒప్పుకోలూ అక్కర్లేదు. గడియారం గుర్తు కూడా తీసేశారట. మనిషి చెయ్యి నలిగితే వాళ్లు నేర్చుకున్న పాఠం అది. ఇంకోసారి ఏ నాయబ్ సుబేదారూ నాలాగా అచ్చు తీసి బల్ల మీద పెట్టకుండా తలుపు వేశారు. అతని దగ్గరా అప్పుడే ఒక బండి జాకీ బాగాలేదు, ఏం చేయాలో తోచక ఫోన్ చేశాడు.

నాకూ తోచలేదు. ఆ కోపంతోనే బస్సెక్కి నేరుగా షాపుకు వెళ్లాను. హవల్దార్ ఒక వరికోత మిషన్ పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అరిచినట్టే చెప్పాను. అతను మొత్తం విన్నాడు.

“గంత లొల్లి ఎందుకన్నా? ఆడ కాయితం లేదా? కాయితం మీద రాసి, సంతకం వెట్టి, ఆ సాబ్ చేతికే ఇయ్యుమను. ముట్టినట్టు ఆయనతోని సంతకం వెట్టిచ్చుకొమ్మను.”

కౌంటర్ వెనక నుంచి అతని భార్య అడిగింది, “ఆయన సంతకం వెట్టకపోతె?”

“వెట్టకపోతె ఆ జాకీ కిందికి ఒక్క మనిషిని గూడ పోనియ్యొద్దను. ఉద్యోగం పోతె పోతది.”

ఆమె నా వైపు చూసింది. “ఫోన్ చెయ్యుండ్రి అన్నా. ఇప్పుడే చెయ్యుండ్రి, మా ముందట” అంది.

చేశాను.